పదకొండు పేర్లు

మొదటి గెలుపు ఆమెకు ఊరికే రాలేదు. సిమెంటు కంపెనీ ఆఫీసులో ఓ మూల కూర్చుని, వాళ్ల మీటింగులు చూసి రాసుకునే అనుమతి అది. రెండేళ్లు, పదహారు ఉత్తరాలు, వరండాలో లెక్కలేనన్ని పడిగాపులు. ఆమె పరిశోధన చేసే యూనివర్సిటీలో సమాజశాస్త్రం వాళ్లెవరికీ అంతకుముందు అది దక్కలేదు. ఆ తర్వాత డాక్టరేటు, బంగారు పతకం, ముప్పై తొమ్మిదేళ్లకే ప్రొఫెసరు. వాళ్ల ఇంటిపేరుతో హైస్కూలు దాటిన మొదటి ఆడపిల్ల మరి.

ఫ్యాక్టరీ దుమ్ము భరించలేక కాలనీవాళ్లు ఉద్యమం లేపారు. వారం తిరక్కుండా "ఫ్యాక్టరీ మాకు కావాలి" అంటూ ఇంకో ఉద్యమం లేచింది. ఆ రెండోది జెండాలు, బస్సులు, నినాదాలతో సహా కంపెనీ గదుల్లోనే తయారైందని ఆమె పుస్తకం రాసింది. గుట్టు చెప్పింది పన్నెండుమంది ఉద్యోగులు. పేర్లు బయటపెట్టనని అందరికీ మాటిచ్చి, 'టైపిస్టు', 'స్టోరుకీపరు' అనే రాసింది.

కానీ పరిశోధకుల పద్ధతి ప్రకారం పేజీ అడుగున మాట్లాడిన తేదీలు వేసింది. కంపెనీ వాటిని సెలవుల రిజిస్టరుతో సరిచూసింది. ఆ తేదీన సెలవు పెట్టిన స్టోరుకీపరు ఉద్యోగం ఊడింది. మిగతావాళ్లు ఆదివారాల్లో మాట్లాడారు కాబట్టి దొరకలేదు. వాళ్ల పేర్లు కావాలని కంపెనీ కోర్టుకెక్కింది.

"ఇచ్చెయ్యమ్మా, నీ ఉద్యోగమైనా నిలుస్తుంది," అన్నాడు డీన్.

స్టోరుకీపరు భార్య ఫోన్ చేసింది. "పుస్తకం బాగుందటగా మేడం. మా ఆయన ఇంట్లోనే ఉంటున్నారు, తీరిగ్గా చదువుతున్నారు."



కోర్టు వరండాలో తమ్ముడు చెవిలో గొణిగాడు. "మర్చిపోయానని చెప్పక్కా. పీడా పోతుంది."

"వాళ్ల అబద్ధాల మీద అంత పుస్తకం రాసి, ఇప్పుడు నేనొకటి ఆడనా?"

"జాబితా చించేశావుగా?"

"చించాన్రా. తలలో ఉన్నదాన్నేం చెయ్యను?"

జడ్జిగారు మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ ఆమె చేతులు కట్టుకుని నిలబడింది. కోర్టు ధిక్కారానికి మూడు నెలలు వేశారు. బయటికొచ్చాక మళ్లీ ఇదే ప్రశ్న అడుగుతామనీ చెప్పారు.

ఇప్పుడామె గది ఎనిమిది అడుగులు. నిద్రలో పేర్లు ఎక్కడ నోరుజారి చెప్పేస్తానోనని గోడవైపు తిరిగి పడుకుంటుందట. అక్కడా ఊరుకోలేదు, తోటి ఖైదీలకు ఇప్పటికి ఇరవై మూడు అర్జీలు రాసిపెట్టింది.

విడుదల నవంబరు పదిహేడు, సోమవారం. కోర్టు తెరిచి ఉండే రోజే.