పక్కోడి కోసం ఉంచిన సగం

సార్ పోయారన్న కబురు నాకు మా కంపెనీ బస్సు డ్రైవరు చెప్పాడు. పొద్దున్నే డ్యూటీకి వచ్చి డిస్పాచ్ సెక్షన్‌లో డబ్బాలకు లేబుళ్లు అంటిస్తున్నాను. షెడ్డు వైపు నుంచి అతను ఉరుక్కుంటూ వచ్చి, ఊపిరి అందక గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"మేడం, సారు లేస్తలేడు. నిద్రవోయిండనుకున్నం. అందరు దిగిపోయిండ్రు. నేను బండి షెడ్డుల వెట్టి చాయ్ తాగుతున్న. ఎనక సీట్ల ఫోను మోగుతనే ఉన్నది, మోగుతనే ఉన్నది. పోయి సూస్తే సారు. ఒళ్లు సల్లగైంది మేడం."

ఆ ఫోను చేసిందెవరో మీకు తెలియాలి. మా ప్లాంట్ హెడ్. డ్రైవరు ఎత్తగానే, అవతల ఎవరున్నారో కూడా వినకుండా, "ఎక్కడయ్యా? సర్వర్ స్లోగా ఉంది, త్వరగా రా" అన్నాడట. చచ్చిపోయిన మనిషికి కూడా పని పురమాయించగలిగిన ఘనుడు! ఈ మాట కోపంతోనే రాస్తున్నాను. కాస్త చల్లారాక రాద్దామని ఆగి చూశాను. చల్లారలేదు. ఇక ఇలాగే చదువుకోండి.

జిన్నారం వైపు ఉన్న మా మందుల ఫ్యాక్టరీలో కంప్యూటర్ల విభాగానికి సార్ పెద్ద. ఆ విభాగంలో రెండో మనిషిని నేను. అంటే ఒకప్పుడు. మాది బొంతపల్లి పక్కన పల్లె, వ్యవసాయం చేసుకునే ఇల్లు. సార్‌ది సంగారెడ్డి బజారులో కిరాణా దుకాణం. తాతల నాటి దుకాణాన్ని తమ్ముడు చూసుకుంటే, సార్ ఉద్యోగంలోకి వచ్చారు. అయినా ఆదివారం వస్తే గల్లా దగ్గర కూర్చోవాల్సిందే. చొక్కా జేబులో కాగితంలో చుట్టిన బెల్లం ముక్క ఎప్పుడూ ఉండేది. తప్పు చేసి బిక్కమొహం వేస్తే తిట్టే ముందు ఆ ముక్క విరిచి చేతిలో పెట్టేవారు. నోట్లో బెల్లం కరుగుతుంటే తిట్లు వినడం ఎట్లాగో నాకు బాగా తెలుసు.

నేను చేరిన రోజు నన్ను సర్వర్ల గదిలోకి తీసుకెళ్లారు. నడి ఎండాకాలంలో నెత్తిన మంకీ క్యాపు పెట్టుకుని లోపలికి వచ్చే మనిషిని చూసి నవ్వు ఆపుకోలేకపోయాను.

"నవ్వు, నవ్వు. ఈ ఏసీల గంటసేపు నిలబడు, అప్పుడు ఎరుకైతది," అన్నారు. తర్వాత ఒకే తీరుగా ఉన్న రెండు మిషన్లనూ, వాటి కింద ఇంకో పెట్టెనూ చూపించారు. "ఇది మా దుకాణమే బిడ్డా. ఈ రెండు మిషన్లు నేను, మా తమ్ముడు. కింద పెట్టె మా గోదాము. గోదాము ఇద్దరికీ ఒక్కటే. నేను దించిన పప్పు తమ్ముడు అమ్మొచ్చు, తమ్ముడు దించిన బెల్లం నేను అమ్మొచ్చు. గిరాకీ వస్తే ఎవని చెయ్యి ఖాళీగుంటే వాని దిక్కు తోలుడు. ఒకడు అన్నానికి పోతే ఇంకొకడు చూసుకుంటడు. గిరాకీకి దుకాణం తెరిచి ఉన్నదా లేదా అనేదే గావాలె. లోపట ఎవడున్నడో వానికెందుకు?"

రెండు మిషన్ల మధ్య ఒక సన్నని వైరు ఉంది. అదేంటని అడిగాను.

"అదే అసలుది. మా దుకాణంల గల్లా మీదున్నోడు గోదాముల ఉన్నోన్ని ఊకె పిలుస్తుంటడు. 'అన్నా, ఉన్నవా?' 'ఉన్న.' పనేం లేకున్నా పిలుస్తడు. జవాబు రాలేదనుకో, తక్కెడ గాడ్నే ఇడిశిపెట్టి ఉరుకుడే. ఒకసారి మా నాయిన మీద బస్తాల వరస గూలితే గట్లనే దొరికిండు, బతికిండు. ఈ మిషన్లు గూడ ఆ వైరుల గదే అడుగుతుంటయ్. ఉన్నవా? ఉన్న. ఉన్నవా? ఉన్న. ఒకటి పలకకపోతే దాని పని రెండోది ఎత్తుకుంటది."

మిషన్లను ఇలా జోడుకట్టే క్లస్టరింగ్ గురించి కాలేజీలో ఒక సెమిస్టరంతా చెప్పారు నాకు. అర్థమైంది మాత్రం ఆ రోజే. దసరా ఆయుధపూజకు అందరూ మిషన్లకు బొట్లు పెడితే, సార్ ఆ సన్నని వైరుకు పసుపు రాసి బొట్టు పెట్టేవారు. హౌస్‌కీపింగ్ ఆమె ప్రతి ఏడూ నవ్వేది, "తీగెకు పూజేంది సారూ" అని. "వాళ్లిద్దర్ని మాట్లాడిచ్చేది గదేనమ్మా," అనేవారు.

ఇంకో అలవాటు ఉండేది. నెలకొకసారి, మధ్యాహ్నం భోజనాలయ్యాక, అందరూ చూస్తుండగానే నడుస్తున్న మిషన్ ఒకదాని కరెంటు వైరు గుంజేసేవారు. మొదటిసారి నేను వైరు మళ్లీ పెట్టడానికి ఉరికాను. ఆయన మాత్రం చేతులు దులుపుకుని ఆ సర్వర్ల మీదే నడిచే గేటు దగ్గరి తూకం కాటా దాకా మెల్లగా నడిచి, "ఏమన్న తేడా గొట్టిందా?" అని అడిగేవారు. "ఏం లే సార్" అని కాటా ఆపరేటర్ అన్నాక, గేటు బయట బండి మీద మిర్చీలు తినేవాళ్లం. "మంచిగున్నప్పుడే గుంజి చూడాలె బిడ్డా. పడ్డంక చూసేదేముంటది?" ఇది ఆయన మాట. అప్పట్లో మిర్చీల మీదున్న ధ్యాస నాకు ఆ మాట మీద లేదు.

అలా నడుస్తుండగా కొత్త ప్లాంట్ హెడ్ వచ్చాడు. వచ్చినవాడు వచ్చినట్టు ఉండక, సర్వర్లు ఎంత పనిచేస్తున్నాయో చూపించమన్నాడు. సార్ తెరిచి చూపించారు. రెండూ సగం లోపే పనిచేస్తున్నాయి.

"అంటే రెండూ కలిపితే ఒక్కదాని పనే కదండీ," అన్నాడు. "రెండోది వేస్టు కదా."

"కాదు సార్. ఒకటి పడిపోతే రెండిటి పని ఒకటే మొయ్యాలె. అందుకే సగం సగం పెట్టినం. ఆ మిగిలింది ఖాళీ కాదు, పక్కోడి జాగ."

ఆయన విన్నాడా? అబ్బే! వారం తిరక్కుండా ఒక మిషన్ ఊడబీకించి, కెమెరాల రికార్డింగు కోసం సెక్యూరిటీ క్యాబిన్‌లో పెట్టించాడు. అదే లెక్క మనుషులకూ వేశాడు. "మీరిద్దరూ కూడా సగం సగమే కదా పనిచేస్తున్నారు" అని నన్ను తీసుకుపోయి డిస్పాచ్‌లో పడేశాడు. ఇంజినీరింగ్ చదివినదాన్ని డబ్బాలకు లేబుళ్లు అంటించే పనికి వేసినందుకు కాదు నా కోపం. లేబుళ్లు అంటించుకుని బతికేదాన్నే. సార్‌ను ఒంటరిని చేశాడు, అదీ నా కోపం.

అప్పటి నుంచి సార్‌కు సెలవు లేదు. అన్నం ముందు కూర్చుంటే ఫోను. పెళ్లికి పోతే ఫోను. మిగిలిన ఒక్క మిషను రెండిటి బరువు మోయలేక మూలుగుతుంటే, దాని పక్కన ఈయన. క్యాంటీన్‌లో ఎవరో మెచ్చుకోబోయారు, "సార్ అసలు సెలవే పెట్టరు, ఎంత సిన్సియరో" అని. సార్ చేతిలో ముద్ద ప్లేటులో పెట్టేశారు. "సెలవు పెట్టని మనిషి గొప్పోడు కాదు. దిక్కులేనోడు," అన్నారు.

ఒకరోజు డిస్పాచ్ దగ్గరికి వచ్చి నా స్టూలు లాక్కుని కూర్చున్నారు. మొహం పాలిపోయి ఉంది. "ఛాతి మీద బియ్యం బస్తా ఏసినట్టున్నది బిడ్డా. డాక్టర్‌కు చూపిచ్చిన. రెండు దినాలు దవాఖానల ఉండాలె, పరీక్షలు చెయ్యాలె అంటున్నడు. నువ్వు ఆ రెండు దినాలు నా సీట్ల కూసుంటవా?"

"ఇప్పుడే కూసుంట, పోయిరండ్రి సార్," అన్నాను. కానీ కూర్చోబెట్టేది నేను కాదుగా. ఇద్దరం కలిసి ప్లాంట్ హెడ్ క్యాబిన్‌కు వెళ్లాం. సార్ విషయం చెప్పారు. నేనూ చెప్పాను, బతిమాలాను, చివరికి గొంతు కూడా పెంచాను.

"ఫారిన్ ఆడిటర్లు వస్తున్నారు. ఈ టైములో డిస్పాచ్ నుంచి ఈ అమ్మాయిని కదపలేను, మిమ్మల్ని వదల్లేను. ఆడిట్ అవ్వనివ్వండి. తర్వాత వారం రోజులు తీసుకోండి, నేనే చెప్తున్నా కదా!" అన్నాడు, పెద్ద దానం చేస్తున్నట్టు.

బయటికి వచ్చాక సార్ జేబులోంచి బెల్లం తీసి విరిచి నాకిచ్చారు. "పరేషాన్ గాకు. ఆడిట్ అయినంక పోత," అన్నారు. అదే ఆఖరు మాట నాతో. ఆ వారంలోనే ఆయన పొద్దున సంగారెడ్డిలో బస్సెక్కి, కిటికీకి తల ఆనించి, పటాన్‌చెరు దాటి ఎక్కడో దారిలో పోయారు. బస్సు నిండా మనుషులు. ఒక్కరైనా "సార్, ఉన్నరా?" అని పిలవలేదు. రెండు ఇనుప పెట్టెలు క్షణం విడవకుండా ఒకదాన్నొకటి అడుగుతాయే, ఆ పాటి మాట మనుషులం ఒకరినొకరం అడగలేమా? డ్రైవరు ఇప్పటికీ ఏడుస్తుంటాడు. "రోజు దిగెటప్పుడు 'పోయొస్త అన్నా' అంటుండె. ఆ పొద్దు అనలే. నా చెవుకు ఎందుకు తట్టలే?" అంటాడు. అతని మీద నాకు కోపం లేదు. ఏడ్చేవాడి మీద కోపమెందుకు?

ఏడవనివాళ్లు సంతాప సభ పెట్టారు. గేటు దగ్గర సార్ ఫోటోతో పెద్ద ఫ్లెక్సీ వేలాడదీశారు. దాని మీద ఏం రాశారో తెలుసా? "ఒక్కరోజు కూడా సెలవు అడగని అంకితభావం." అడగలేదట! అడిగినప్పుడు పక్కన నిలబడి ఉన్నదాన్ని నేను. రెండు నిమిషాలు మౌనం పాటించమన్నారు. ఆ రెండు నిమిషాలు నేను పళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాను.

మౌనం అయిపోయి ఇంకా టీ కప్పులు తీయలేదు, ప్లాంట్ హెడ్ నన్ను పిలిచి వెంటబెట్టుకుని సర్వర్ల గదికి తీసుకెళ్లాడు. "ఇకనుంచి ఇది నీ సీటమ్మా. ప్రమోషన్ అనుకో." కుర్చీకి సార్ మంకీ క్యాపు ఇంకా వేలాడుతూనే ఉంది.

నేను కూర్చోలేదు. వెళ్లి ఆ మిగిలిన ఒక్క మిషన్ కరెంటు వైరు మీద చెయ్యి వేశాను. "సార్ నెలకొకసారి ఇది గుంజి చూపిచ్చేటోడు. గుంజమంటరా?"

"ఏయ్! వద్దు వద్దు! ప్లాంటు మొత్తం ఆగిపోతుంది!" రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"దీన్ని గుంజితే ఆగుతదని మీకు తెల్సు. మరి సార్ పక్కనుంచి నన్ను గుంజినప్పుడు ఎందుకు తెల్వలే?"

ఆయన ఏసీ వైపు చూశాడు, నేల వైపు చూశాడు. నా వైపు మాత్రం చూడలేదు. నేను వైరు వదిలేశాను. ఆ సాయంత్రానికల్లా సెక్యూరిటీ క్యాబిన్ నుంచి రెండో మిషన్ వచ్చింది. నా చేతులతో బిగించి, రెండిటి మధ్య సన్న వైరు కలిపాను. దాని దీపం మిణుకుమిణుకుమంది. అప్పుడే మొదటిసారి ఏడుపు వచ్చింది.

"మరి నా జోడి?" అని అడిగాను.

"చూద్దాం, ఆడిట్ అవ్వనీ."

"అదే మాట సార్‌కు చెప్పిండ్రు. రెండో మనిషి వచ్చిన్నాడే నేను ఈ కుర్చీల కూసుంట. అప్పటిదాంక నా జాగ డిస్పాచే. సార్ పెద్దకర్మకు మాత్రం పోతున్న."

"ఆ రోజే ఆడిటర్లు దిగుతున్నారు! ఏదైనా అయితే?"

"మిషన్లకు జోడి వచ్చింది గద, అవి సూసుకుంటయ్. మనిషికి జోడి తెచ్చుడు మీ పని."

ఉద్యోగం పోతుందేమోనని ఇంట్లో అమ్మ భయపడింది. నేనూ భయపడ్డాను. అయినా పోయాను.

సంగారెడ్డిలో వాళ్లింట్లో భోజనాలయ్యాక సార్ భార్య నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. మెల్లగా అడిగారు, "అయిపోయిందా బిడ్డా, మీ ఆడిట్?" అని. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సినవాడు అక్కడ లేడు. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

పొద్దు వాలుతుండగా ఇంటి ముందున్న దుకాణం షట్టరు సగం లేపారు. ఊరి నుంచి ఎవరో కందిపప్పు కోసం వచ్చి నిలబడ్డారు, కాదనలేక సార్ తమ్ముడు తక్కెడ ముందు కూర్చున్నాడు. బయల్దేరదామని నేను దుకాణంలోంచే బయటికి వస్తున్నాను. నా సంచిలో ఫోను మోగడం మొదలైంది. చూడక్కర్లేదు, ఎవరో తెలుసు. మోగుతూనే ఉంది.

తమ్ముడు గుండు తక్కెడలో వేసి, తల ఎత్తకుండా, గోదాము వైపు కేకేశాడు. "అన్నా, ఉన్నవా?"

కేకేశాక గానీ తనేమన్నాడో అతనికి తెలియలేదు. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పప్పుకు వచ్చిన ముసలాయన తల దించుకున్నాడు. సంచిలో ఫోను ఇంకా మోగుతోంది.

నేను సంచిని గల్లా మీద పెట్టేసి గోదాములోకి నడిచాను.

"ఉన్న కాకా," అన్నాను. "చెప్పుండ్రి, ఏ బస్తా?"