మా ఆవిడ నేర్పిన ఈత

నాకు ఈత నేర్పింది మా బావమరిది అని ఇన్నాళ్లూ కడపలో అందరికీ చెప్పుకున్నాను. అది నిజం కాదు. నేర్పింది నా భార్య.

ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో పని పోయాక నాకు నిద్ర పట్టేది కాదు, ఎవరితోనూ మాట్లాడబుద్ధయ్యేది కాదు. ఆమె నన్ను పుట్టింటికి తీసుకెళ్లింది. ఆ ఏడు వానలు బాగా పడి వాళ్ల చేని బావి నిండుగా ఉంది. నేను మునగకుండా నా వీపుకు ఖాళీ నూనె డబ్బా కట్టి, తనే ముందు దూకింది.

“దిగు. ఈడ పిల్లోళ్లు గూడా ఈదుతాండారు.”

గట్టు మీద గొర్రెలు కాసే ముసలాయన నవ్వాడు. “ఏమప్పా అల్లుడా, పెండ్లాం కాడ పాఠాలా?”

ఆ మాటకు సిగ్గుపడి, తర్వాత అందరికీ బావమరిది పేరు చెప్పాను. నీళ్లలో మాత్రం సిగ్గు గుర్తుండేది కాదు. చేతులు ఆడిస్తున్నంతసేపూ ఊపిరి తప్ప వేరే ఆలోచన రాదు. ఇంటికొచ్చి ఆకలిగా సంగటి తిని, ఒళ్లెరగకుండా నిద్రపోయేవాణ్ణి. మెల్లగా మనుషుల్లో పడ్డాను. కడపలో కొత్త పనికి కుదిరాను.

మొన్న నా తోటి పనివాళ్లు మా ఇద్దరితో మా అత్తగారి ఊరికి వచ్చి, ఆ బావి దగ్గరే తమకూ ఈత నేర్పమని బావమరిదిని అడిగారు.

“నాకు ఈతే రాదు గదప్పా,” అన్నాడతను తెల్లబోయి.

అందరూ నా వైపు తిరిగారు. “నేర్పింది నా పెండ్లామే,” అన్నాను.

ఆమె కొంగు నడుముకు దోపింది. “ఇప్పుడు గుర్తొచ్చినానా? దిగు, అవతలికి ఎవరు ముందు పోతారో చూద్దాం.”

ఇద్దరం దూకాం. ఆమే ముందు చేరింది. వెనకే, వీపున డబ్బా లేకుండా, నేనూ చేరాను.