వరండాలో పిల్లలు

మా జువాలజీ మేడం ఇక లేరని సిరిసిల్ల నుంచి వాళ్లమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు జగిత్యాలలో నా మందుల షాపులో ఉన్నాను. బీపీ గోలీల కోసం వచ్చిన పెద్దాయన చీటీ పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. "అక్కా, అమ్మ పోయింది. పొద్దుగాల చాయ్ తాగి మళ్ల పండుకున్నది, గంతే," అంది ఆ అమ్మాయి. పెద్దాయనకు గోలీలిచ్చి, వేసుకునే వేళలు రెండుసార్లు చెప్పాకే షట్టరు దించాను. మేడం ఉన్నా అదే చేయమనేవారు.

కోరుట్లలో ఇంటర్ చదివిన రెండేళ్లూ ఆమె మాకు పాఠాలు చెప్పారు. సిరిసిల్లలో నేతపని చేసే ఇంటి ఆడపిల్ల. మరమగ్గాల చప్పుడులో పెరిగినందుకేమో, గొంతు కాస్త పెద్దది. నాడీమండలం పాఠం మొదలుపెట్టిన రోజు పుస్తకం తెరవలేదు. కళ్లు మూసుకుని ఒక్క నిమిషం వినమన్నారు. బస్సు హారన్, పక్క గదిలో లెక్కల సారు గొంతు, ఫ్యాను కిర్రుమనడం, ఎవరిదో ఆకలి కడుపు. కళ్లు తెరిచాక, ఇవన్నీ ఇందాకటి నుంచీ ఉన్నాయి కదా, మీకెందుకు వినపడలేదని అడిగారు. చెవి అన్నీ మోసుకొస్తుందట. దేన్ని పట్టించుకోవాలో మెదడు చూసుకుంటుందట, ఆ పనికి దానికి కొన్ని రసాయనాలు సాయపడతాయట. అప్పుడు లేచి బోర్డు మీద 'అసిటైల్‌కోలిన్' అని రాశారు. ఆ మాట మాలో ఎవరమూ మరిచిపోయి ఉండం.

మా నాన్న కథలాపూర్ దగ్గర తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. నేను సెకండియర్‌లో ఉండగా మోకు తెగి పైనుంచి పడి చనిపోయాడు. సద్ది తీసుకుపోయిన నేను చెట్టు కిందే ఉన్నాను. నెల తర్వాత కాలేజీకి వెళితే ఏ పాఠమూ నిలవలేదు. పేజీ తిప్పితే వెనకటి పేజీ చెరిగిపోయేది. ఆ పడిన క్షణం మాత్రం, మట్టిలో ఒలికిన కల్లు నురగతో సహా, కళ్ల ముందు కదిలేది. చదువు మానేస్తానని చెప్పడానికి స్టాఫ్ రూంకి వెళ్లాను. నా బుర్ర పాడైందన్నాను.

మేడం దిద్దుతున్న రికార్డు పక్కన పెట్టారు.

"పాడు కాలే బిడ్డా. బాగ భయమైనప్పుడు మెదడుల నోరాడ్రినలిన్ అని ఒకటి ఊరుతది. గీ ఘడియను గట్టిగ పట్టుకో, మళ్ల గసొంటిదే అస్తే పైలంగుండాలె అంటది. నీ మెదడు నిన్ను కాపాడుతున్న అనుకుంటున్నది. అయిపోయిందని దానికింక తెల్వది. జెర టైమియ్యి."

ఆ రోజు నుంచి మధ్యాహ్నం ఆమె టిఫిను తినేటప్పుడు నేను పక్కన కూర్చుని ఒక పేజీ చదివేదాన్ని. ఒక్కటే. రెండోది తిప్పబోతే చేయి అడ్డం పెట్టేవారు. తన డబ్బాలో సగం రొట్టె నా వైపు జరిపేవారు, తిన్నానా లేదా అని మాత్రం చూసేవారు కాదు. చలికాలం పోయేసరికి పేజీలు నిలవడం మొదలైంది. పాసయ్యాను, ఫార్మసీ చదివాను. నాన్న ఇప్పటికీ గుర్తొస్తాడు. ఎక్కువసార్లు చెట్టెక్కుతూనే గుర్తొస్తాడు.

రిటైరయ్యాక ఆమె సిరిసిల్లలో అమ్మాయి దగ్గర ఉన్నారు. అక్కడే పార్కిన్సన్స్ బయటపడింది, మెదడులో డోపమైన్ తగ్గిపోయే జబ్బు. మాత్రలతో నడక బాగుపడింది గానీ, కొన్నాళ్లకు ఒక సాయంత్రం అమ్మాయి ఏడుస్తూ ఫోన్ చేసింది. వరండాలో పిల్లలు కూర్చున్నారని అమ్మ అంటోందట. గాలి సోకింది, తాయెత్తు కట్టించమని వాడకట్టులో చెబుతున్నారట.

మరునాడే వెళ్లాను. మేడం నన్ను చూసి నవ్వారు.

"లేరని నాకెరుకే. అయినా కనవడ్తున్నరు. ఏడుగురు. మీ బ్యాచ్ ఎన్నడన్న గింత కుదురుగ కూసున్నదా?"

మాత్ర ఎక్కువైతే కొందరికి లేనివి కనిపిస్తాయని, తగ్గిస్తే అవి పోవచ్చు గానీ అడుగు మొరాయిస్తుందని డాక్టరు చెప్పారట. ఏది ఓర్చుకోగలరో ఆలోచించుకోమన్నారట. నేను నడకే ఉండనివ్వమన్నాను. ఆ పిల్లలు ఎవరినీ ఏమీ అనడం లేదు కదా అన్నాను. ఆమె వరండా వైపు చూశారు.

"అడుగు పడకపోతే చెయ్యి పట్టుకునేటోళ్లు ఉన్నరు బిడ్డా. నా కండ్లు నాకే అబద్ధం చెప్తే ఎవలు పట్టుకుంటరు?"

డాక్టరు మాత్ర తగ్గించారు. రెండు వారాలకు ఆమే ఫోన్ చేశారు. "పిల్లలు పోయిండ్రు. వరండా బోసిగున్నది," అన్నారు. ఆ గొంతులో కాస్త బెంగ వినపడింది.

దశదినానికి వెళ్లినప్పుడు ఆ ఇంట్లో నేల మీద తెల్ల రంగుతో అడ్డగీతలు కనిపించాయి. మంచం దగ్గర మొదలై, వరండా దాటి, గేటు దాకా అడుగుకొకటి. పాదం కదలనప్పుడు ఎదురుగా గీత ఉంటే దాటగలిగేవారట. లోపలి నుంచి ఆజ్ఞ రాకపోతే కంటి దారిన తెచ్చుకోవాలని చెప్పి, ఆమే దగ్గరుండి గీయించారట.

వచ్చిన చుట్టాలకు ఆ గీతలెందుకో తెలియదు. అయినా గేటు దాటాక ప్రతి ఒక్కరూ తల వంచి, నెమ్మదించి, ఒక్కో గీతా దాటుతూ లోపలికి వస్తున్నారు.