వేసవి సెలవుల్లో వదిన కోచింగు

కాలేజీలో చదివే కాలంలో సెలవులంటే సెలవులేనని నమ్మిన ఆఖరి బ్యాచి మాదే అయి ఉంటుంది. ఇప్పటి పిల్లలు పరీక్ష హాల్లోంచి అడుగు బయట పెడుతూనే ఇంటర్న్‌షిప్ మాట ఎత్తుతున్నారు. నేను మాత్రం ఇంజనీరింగు మూడో ఏడు పరీక్షలు రాసి, హాస్టల్ ఖాళీ చేసి గుణదలలో మా ఇంటికి వస్తున్నప్పుడు అమ్మ చేతి చేపల పులుసూ, మధ్యాహ్నం కూలరు ముందు నిద్రా తప్ప మరో లక్ష్యం పెట్టుకోలేదు. తీరా వచ్చేసరికి నా గదిలో, నా మంచం మీద మా మేనత్త కూతురు కూర్చుని ఉంది. నాకంటే కొద్ది వారాలే పెద్దదైనా వరసకు వదిన కాబట్టి అలాగే పిలవాలి (ఆ కొద్ది వారాలకు నేను పుట్టినప్పటి నుంచీ మర్యాద చెల్లిస్తూనే ఉన్నాను). అవనిగడ్డ దగ్గర పల్లె వాళ్ళది. తనూ ఇంజనీరింగే. సెలవులు అవగానే ఇద్దరి కాలేజీలకూ కంపెనీల వాళ్ళు వచ్చి ఇంటర్వ్యూలు చేస్తారు. ఇంగ్లీషులో మాట్లాడాలంటే వదినకు గొంతు పట్టేస్తుందట. ఈ సెలవుల్లో మా అమ్మ దగ్గరుంచి భయం పోగొట్టమని అత్తయ్య పంపింది.

ఇక్కడ అమ్మ సంగతి కొంచెం చెప్పాలి. చిన్నప్పుడు నాకు ఆయాసం. బడికి వెళ్ళిన రోజులకన్నా మంచం పట్టిన రోజులే ఎక్కువని, పదో తరగతి దాకా అమ్మే ఇంట్లో చదువు చెప్పి ప్రైవేటుగా పరీక్ష రాయించింది. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే నేను వంటింటి గడప మీద కూర్చుని ఎక్కాలు అప్పజెప్పేదాన్ని. దేవుడు నాకు ఊపిరి కాస్త తక్కువిచ్చి అమ్మను కాస్త ఎక్కువిచ్చాడని ఈనాటికీ కృతజ్ఞతతో తలుచుకుంటాను. కాబట్టి అమ్మ లోకానికంతా ఏమైనా కానీ, టీచరుగా మాత్రం నా ఒక్కదానికే. అలాంటిది ఆ గడప మీద ఇప్పుడు వదిన. నేను అన్నం కలుపుకుంటుంటే అమ్మ వెనక్కి కూడా తిరగకుండా, "నీ కూర అక్కడుంది చూడవే" అనేది. వదినతో మాత్రం, "భయపడకమ్మా, నెమ్మదిగా మళ్ళీ చెప్పు" అనేది. ఆ 'అమ్మా'కూ నా 'వే'కూ మధ్య దూరం కొలుచుకుంటూ నేను అన్నం తినేదాన్ని.

నాన్న కొండపల్లి దగ్గర థర్మల్ కరెంటు కేంద్రంలో షిఫ్టు డ్యూటీ చేసేవారు. డ్యూటీ లేని రోజు ఆయన కూడా ఈ యజ్ఞంలో దిగేవారు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కింద లుంగీ అలాగే ఉంచుకుని, హాల్లో కుర్చీ వేసుకుని కంపెనీ ఆఫీసరయ్యేవారు. "ప్లీజ్ సిట్ డౌన్ అండి" అనేవారు వదినతో. "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్ అండి." వదిన తడబడుతూ మొదలుపెట్టేది. మీ బలహీనత ఏమిటని ఇంగ్లీషులో అడిగితే ఓసారి చాలాసేపు ఆలోచించి, "రొయ్యల ఇగురు, మావయ్యా" అంది. ఇల్లంతా నవ్వారు. నేను నవ్వలేదు. నన్నెవరూ ఏ కుర్చీలోనూ కూర్చోమనలేదు మరి. నన్నూ అడగమని నాన్న దగ్గరికి వెళితే, "నీకెందుకే, నీకన్నీ వచ్చుగా" అన్నారు. ఆ మాట మెప్పుగా తీసుకోవచ్చని నాకు అప్పుడు తట్టలేదు.

మా ఇంట్లో రాత్రి భోజనానికి ముందు అందరం కూర్చుని మేరీమాత జపమాల చెప్పుకుంటాం. చివర్లో ఒక్కొక్కరు పైకి ఒక విన్నపం చెబితే, మిగతావాళ్ళు "ప్రభువా, మా ప్రార్థన ఆలకించండి" అనాలి. విన్నపానికి అడ్డు చెప్పకూడదు, ముఖం చిట్లించకూడదు. ఎదుటపడి అనలేనివి దేవుడితో అనేసే వెసులుబాటు అన్నమాట (దేవుడు మా ఇంటి గొడవలన్నీ వరసగా విని కూడా మమ్మల్ని కాపాడుతున్నాడు, ఆయన ఓర్పుకు వందనాలు). వచ్చిన కొత్తలోనే వదిన కళ్ళు మూసుకుని, "నాకు ఓపిగ్గా నేర్పుతున్న అత్తయ్య మోకాళ్ళ నొప్పులు తగ్గాలని" అంది. ఆ మోకాళ్ళు మా అమ్మవి. ఆ విన్నపం నేను చెప్పాల్సింది.

మర్నాడు నా వంతు రాగానే, "ఈ ఇంట్లో కన్నకూతురు కూడా ఇంజనీరింగే చదువుతోందన్న విషయం పెద్దలకు గుర్తుకు రావాలని" అన్నాను. "ప్రభువా, మా ప్రార్థన ఆలకించండి" అన్నారందరూ. అందులో నాన్న గొంతే గట్టిగా వినిపించింది. ఆ పై రోజు నాన్న అందుకున్నారు. "అలిగి కూర్చునేవారికి నోరు తెరిచి అడిగే వరం ఇవ్వాలని." నేనూ ఆలకించండి అనక తప్పలేదు. వదిన తల వంచుకుని నవ్వు ఆపుకుంటోంది. పడుకోబోతూ, "మరదలా, రేపటి విన్నపం నాక్కూడా చెప్పవే, ఇద్దరం కలిసి రాసుకుందాం" అంది. నేను అటు తిరిగి పడుకున్నాను.

కొన్ని రోజులకు అమ్మ వంతొచ్చింది. ఆవిడ మామూలు గొంతుతోనే, "నేను చదువు చెప్పిన పిల్ల నన్ను దాటి చాలా దూరం వెళ్ళింది. ఇప్పుడు దానికి నేనేం సాయం చెయ్యాలో నాకు తెలియడం లేదు. దారి చూపాలని" అంది. నాన్నా వదినా జవాబు చెప్పారు. వాళ్ళ వెనక ఆలస్యంగా, నేనొక్కదాన్నే ఆలకించండి అన్నాను.

మర్నాడు పొద్దున అమ్మ ఆవకాయకు మామిడి ముక్కలు తుడుస్తుంటే నేనూ ఒక గుడ్డ తీసుకుని పక్కన కూర్చున్నాను. అమ్మ తలెత్తకుండానే అడిగింది. "ఏదో ప్రాజెక్టు చేశావంట. ఏంటది?" చెప్పినా నీకు అర్థం కాదనబోయి ఆ మాట మింగేసి మొదలుపెట్టాను. బస్సు ఎక్కడుందో ఫోనులో చూపించే పని అది. నాలుగు ముక్కలు చెప్పేలోగా, "ఆగు. ఫోనుకు ఆ సంగతి ఎవరు చెప్తారు?" అంది. సర్వరు అన్నాను. "అంటే?" అంది. అంటే ఏమిటో నాకు ఇంగ్లీషులో వచ్చు, పుస్తకంలో ఉన్నట్టుగా వచ్చు, మామిడి ముక్క తుడుస్తున్న మనిషికి చెప్పడం మాత్రం రాలేదు. ఇంతలో గడప మీద నుంచి వదిన, "అత్తయ్యా, అంటే ఇప్పుడు మన బస్టాండులో ఎంక్వైరీ..." అని అందుకుంది.

"నువ్వుండు వదినా. మా అమ్మకు నేను చెప్పుకుంటాను" అన్నాను.

"చెప్పుకో మరదలా. ఇన్నాళ్ళూ ఎవరొద్దన్నారు?" అంది.

ఆ వేసవి మిగతా రోజులన్నీ అమ్మకు చెబుతూనే ఉన్నాను. ఆవిడకు అర్థమయ్యేదాకా చెప్పేసరికి సగం విషయాలు నాకూ అప్పుడే అర్థమయ్యాయి. ఉద్యోగం మాత్రం ముందు వదినకే వచ్చింది (ఆ రోజు నేను పంచిన స్వీటులో తీపి ఎంతుందో నాకు గుర్తులేదు). దేవుని దయ వల్ల తర్వాత నాకూ వచ్చింది, గన్నవరం వైపు ఆఫీసులో.

ఇప్పుడు నేను వేరే ఇంట్లో ఉంటున్నాను. మొన్న ఆదివారం అమ్మను చూద్దామని వెళ్ళేసరికి వరండా నిండా చెప్పులు. అమ్మకు అర్థమయ్యేలా చెబితే ఇంటర్వ్యూ గట్టెక్కినట్టేనని పేరొచ్చి, సెలవులు కదా, వీధిలో కాలేజీ ఆడపిల్లలంతా తమ ప్రాజెక్టులు ఆవిడకు చెప్పడానికి వచ్చారట. గుమ్మంలో ఉన్న అమ్మాయి నన్ను ఆపి, "మేడంగారు బిజీగా ఉన్నారక్కా. మా ముందు ఇంకా ఇద్దరున్నారు" అంది. ఈ వయసులో, ఈ ఉద్యోగంలో, మళ్ళీ అప్పటిలాగే అలగబోతున్నందుకు నాకే నవ్వొచ్చింది. లోపల్నుంచి అమ్మ గొంతు వినిపించింది. "ఎవరమ్మా వచ్చింది?"

"ఎవరో అక్కండి" అంది ఆ పిల్ల.

"కూర్చోమను" అంది అమ్మ.

కూర్చున్నాను.