వడ్రంగి మాట, అక్క మర్యాద

వడ్రంగి ఇంటి గుమ్మం దగ్గర స్విచ్చి నొక్కితే గంట మోగదు. లోపల రెండు గదుల్లోనూ, వెనక వరండాలోనూ పసుపు బల్బులు వెలిగి ఆరుతాయి. కొత్తవాళ్లు గంట పాడైందనుకుని తలుపు దబదబా బాదుతారు. బాదీ బాదీ విసుగొచ్చి వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు. ఆయనకి పుట్టుకతోనే వినపడదు. భార్యకీ అంతే. ఆ వైరింగు ఆయన సొంతంగా చేసుకున్నది.

నలభై మూడేళ్ల మనిషి. ఒకే షెడ్డులో పన్నెండేళ్లుగా బీరువాలు, బల్లలు, కుర్చీలు చేస్తున్నాడు. చిన్నప్పుడు బధిరుల బడి హాస్టల్లో ఉండి సైగల భాష నేర్చుకున్నాడు. సెలవులకి ఇంటికొచ్చినప్పుడల్లా దాన్ని అక్కకి నేర్పాడు. అమ్మానాన్నలకి పని ఒత్తిడిలో అబ్బలేదు. అక్కకి మాత్రం చేతులు తిరిగాయి. అప్పటినుంచి బయటి ప్రపంచానికి ఆయన నోరు అక్కే.

అక్క బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. ఆమె ఉండే వీధిలో ఆమెతో గొడవ పెట్టుకుని గెలిచినవాళ్లు లేరు. నీళ్ల ట్యాంకరు డ్రైవరు కూడా ఆమె బిందె నిండేదాకా బండి కదపడు. కానీ తమ్ముడి తరఫున మాట్లాడాల్సి వచ్చేసరికి అదే మనిషి పిల్లికూన అయిపోయేది.

దానికో కారణం ఉంది. తమ్ముడికి పందొమ్మిదేళ్లప్పుడు మొదటి కొలువు దొరికింది. మొదటి వారంలోనే మేస్త్రీ పచ్చి కర్ర ఇచ్చి తలుపు చేయమన్నాడు. "ఈ తలుపు వానాకాలానికి మూసుకోదు. నీకు కర్ర గురించి తెలీదు, కేకలెయ్యడమే తెలుసు" అని తమ్ముడి చేతులు అన్నాయి. అక్క పొల్లు పోకుండా అదే చెప్పింది. సాయంత్రానికి కొలువు పోయింది. ఆ తర్వాత రెండేళ్లు ఎవరూ పనివ్వలేదు. అప్పుడు వాళ్లమ్మ అంది: "నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. వాడి నోరు నువ్వే కదే. కాస్త మంచి చేసుకో." అక్క ఆ మాట మనసులో పెట్టుకుంది. ఆనాటినుంచి తమ్ముడి మాటలకి కూడా కత్తెర వేసి, అంచు మడిచి కుట్టడం మొదలుపెట్టింది.

తమ్ముడికి ఈ సంగతి తెలీదు. తన మాటలే యజమానికి చేరుతున్నాయనుకున్నాడు. పోయిన ఏడాది షెడ్డులోకి పెద్ద రంపం యంత్రం వచ్చి గొడవ ముదిరేదాకా అలాగే అనుకున్నాడు.

యంత్రం అమ్మినవాడు దాన్ని బిగించి పోతూ పోతూ వడ్రంగి వైపు చూసి, "ఏదైనా తేడా వస్తే పక్కవాడు కేకెయ్యాలండీ. ఈయనకి వినపడదు కదా" అన్నాడు. యజమానికి ఆ మాట పురుగై తొలిచింది. ఆయన చెడ్డవాడు కాదు, భయస్థుడు. మర్నాడు అక్కని పిలిపించాడు.

"అమ్మా, వాడికి నెమ్మదిగా చెప్పు. ఈ యంత్రం దగ్గర వినపడనివాణ్ణి పెట్టలేను. రేపేదైనా జరిగితే నేను జైలుకెళ్లాలి. ఇంకో చోటు చూసుకోమను."

అక్క సైగల్లో చెప్పింది. తమ్ముడి చేతులు వెంటనే లేచాయి: "నేను పోను. పన్నెండేళ్లుగా నా వేళ్లు పదీ ఉన్నాయి. ఈ షెడ్డులో వేలు తెగిన ఇద్దరికీ చెవులు శుభ్రంగా వినపడతాయి. రంపం ఎదురుగా ఒక బల్బు, అందరికీ అందేలా ఒక స్విచ్చి పెట్టమను. తీసేస్తే మాత్రం ఊరుకోనని చెప్పు."

అక్క యజమాని వైపు తిరిగింది. "బాబుగారూ, మీరు పెద్దవారు, మీరెలా అంటే అలాగే అంటున్నాడు. కాస్త దయ ఉంచమంటున్నాడు."

యజమాని ఊపిరి పీల్చుకున్నాడు. "నోట్లో నాలుక లేనివాడమ్మా నీ తమ్ముడు. ఇంకొకడైతే రచ్చ చేసేవాడు."

ఏమన్నాడని తమ్ముడు అడిగాడు. ఆలోచిస్తానన్నాడని అక్క చెప్పింది. నాలుగు రోజులాగి ఒక్కతే వచ్చి కాళ్లావేళ్లా పడదామని ఆమె ఆలోచన. వచ్చింది కూడా. అప్పటికే రంపం దగ్గర ఇంకో మనిషి నిలబడి ఉన్నాడు.

వడ్రంగి ఆరు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. బధిరుల బడిలో ఆయనతో చదివిన స్నేహితుడొకడు ఫోన్లో వీడియోకాల్ చేసి, ఇలాంటివాటికి చట్టం ఉందని చెప్పాడు. వైకల్యం ఉందన్న కారణంతో ఎవరినీ పనిలోంచి తీసెయ్యకూడదు. పని చేయడానికి వీలైన మార్పులేవైనా అడిగితే యజమాని చేసిపెట్టాలి. గొడవొస్తే వినడానికి ఒక అధికారి ఉంటారు. ఆ విచారణలో సైగల దుబాసీని ప్రభుత్వమే పెడుతుంది, ఇంటివాళ్లని ఆ పనికి ఒప్పుకోదు. చట్టం చాలా ఏళ్లుగా ఉంది. వడ్రంగికి దాని గురించి చెప్పినవాళ్లే లేరు. ఆయనకి బయటి కబుర్లు తెచ్చేది అక్క. ఆమెకీ తెలీదు.

స్నేహితుడి సాయంతో వడ్రంగి ఫిర్యాదు పెట్టాడు. విచారణకి రమ్మని కబురొచ్చాక అక్క లబలబలాడింది. "ఒరేయ్, ఈ కచేరీలు మనకెందుకురా! అయ్యగారితో నేను మాట్లాడతాను కదా."

"నువ్వు మాట్లాడుతూనే ఉన్నావు. నేను ఇంట్లో కూర్చునే ఉన్నాను" అన్నాయి తమ్ముడి చేతులు.

అధికారి ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు ఏ అంతస్తుకొచ్చిందో గొంతుతో చెబుతుంది. అంకెలు చూపించే దీపం మాత్రం కాలిపోయింది. వడ్రంగి అక్కకి దాన్ని చూపించి నవ్వాడు. అక్క నవ్వలేదు.

గదిలో పొడుగాటి బల్ల, దాని వెనక కళ్లజోడు పెట్టుకున్న అధికారిణి. అక్క అలవాటుగా తమ్ముడి ఎదురుగా నిలబడబోయింది.

"మీరు వెనక కూర్చోండమ్మా" అంది అధికారిణి.

"నేను లేకపోతే వాడు మాట్లాడలేడండీ."

"మాట్లాడతాడు. దుబాసీ ఉంది."

నల్ల చొక్కా వేసుకున్న ఒక అమ్మాయి అధికారిణి పక్కన నిలబడింది. వడ్రంగి చేతులు కదిలాయి. ఆ అమ్మాయి నోరు తెరిచింది: "పన్నెండేళ్లు నీ షెడ్డులో చెమటోడ్చాను. కొత్త యంత్రాన్ని చూసి భయపడింది నువ్వు. కొలువు పోయింది నాది. ఇదెక్కడి న్యాయం?"

యజమాని ఉలిక్కిపడ్డాడు. "ఏమ్మా, నేన్నిన్ను చూడ్డం ఇదే మొదటిసారి. నన్ను తిడతావేంటి?"

"నేను కాదండీ, ఆయన. ఆయన మాటలు ఆయన అన్నట్టే చెప్పాలి."

"వాడా?" యజమాని వడ్రంగిని ఎగాదిగా చూశాడు. "వాడలా మాట్లాడడే!"

తర్వాత ఆయన వంతు వచ్చింది. ఆయన గట్టిగానే చెప్పాడు: "నేను తీసెయ్యలేదు మేడమ్. వేరే చోటు చూసుకోమంటే, మీరెలా అంటే అలాగే అని వాడే ఒప్పుకున్నాడు. ఇదిగో, వీళ్లక్కే చెప్పింది. అడగండి."

దుబాసీ దాన్ని సైగల్లోకి మార్చింది. వడ్రంగి చేతులు గాల్లో ఆగిపోయాయి. ఆయన మెల్లగా వెనక్కి తిరిగి అక్కని చూశాడు.

తనంతట తనే ఒప్పుకున్నట్టయితే ఫిర్యాదు అక్కడితో సరి. అధికారిణి ఆ మాటే చెప్పి, అక్కని పిలిచింది. "మీ తమ్ముడు అలా అన్నాడా?"

అక్క లేచింది. వీధిలో ట్యాంకరు డ్రైవరుని గడగడలాడించే మనిషి చేతులు కట్టుకుని నిలబడింది.

"అన్లేదండీ."

"మరి?"

"పోనన్నాడు. బల్బు పెట్టమన్నాడు. తీసేస్తే ఊరుకోనన్నాడు. నేనే అలా చెప్పాను. ఉన్నమాట చెబితే ఉన్న కొలువు పోతుందని. ఇదివరకోసారి అలా పోయిందండీ."

దుబాసీ ఆ మాటల్నీ వదల్లేదు, ఒక్కొక్కటీ సైగ చేసింది. సగంలోనే వడ్రంగి మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. చెవులు మూసుకోవడమంటే ఆయనకి అదే. అధికారిణి ఆగింది. ఆయన చూసేదాకా దుబాసీ చేతులు దించుకుని నిలబడింది.

యజమాని అక్క వైపు తిరిగాడు. "అయితే అమ్మా, ఇన్నేళ్లూ నువ్వు చెప్పినవన్నీ..."

"కొన్ని నిజమేనండీ."

"నేనిచ్చిన కొలతలతో నా ఆఫీసు బల్ల చేసినప్పుడు, ఇలాంటి బల్ల చేసే భాగ్యం మీవల్లే దక్కిందన్నాడని చెప్పావే?"

"అది నాదండీ."

వడ్రంగి అప్పటికి ఇటు తిరిగాడు. దుబాసీ చేతులు చూశాడు. తన చేతులెత్తాడు.

"గేదె పడుకున్నట్టుంది, దీనిమీద ఏం రాస్తావని అడిగాను" అంది దుబాసీ.

అధికారిణి కళ్లజోడు తీసి తుడుచుకుంది. యజమాని కాసేపు బల్ల అంచు చూస్తూ కూర్చుని, "నిజమే, మోకాళ్లు తగులుతాయి. చెప్పొచ్చుగా మరి" అన్నాడు.

ఆ పూటే తీర్పు వచ్చింది. పాత పని, పాత జీతం, అదే రంపం. ఎదురుగా బల్బు, ఎవరికైనా అందేచోట స్విచ్చి, యంత్రాన్ని ఆపే మీట. బిగించాక ఇన్‌స్పెక్టరు చూసి సరేననాలి. షెడ్డులో పనిచేసేవాళ్లంతా నాలుగైదు సైగలు నేర్చుకోవాలి, యజమానితో సహా.

ఇంటికి వెళ్లే బస్సులో అక్క పక్క సీట్లో కూర్చుంది. వడ్రంగి దారి పొడుగునా కిటికీలోంచి బయటికే చూశాడు. అక్క రెండుసార్లు భుజం తట్టింది. మూడోసారికి తిరిగాడు.

"నీ కడుపు మాడకూడదనేరా" అన్నాయి ఆమె చేతులు.

"కడుపు నిండింది. కానీ షెడ్డులో ఇన్నేళ్లూ నేనెవరికీ తెలీదు." మళ్లీ అన్నాయి ఆయన చేతులు: "ఇకనుంచి నా తిట్లు నావి. నువ్వు ముట్టుకోకు."

"మరి మర్యాదలో?"

"అవి నీవే. ట్యాంకరు డ్రైవరుకి వాడుకో."

అక్క నవ్వబోయి ఏడ్చింది. దిగాల్సిన చోటు దాటిపోయింది. తమ్ముడే లేచి బస్సు ఆపించాడు.

బల్బు బిగించడానికి మూడు వారాలు పట్టింది. ఇన్‌స్పెక్టరు చూసి వెళ్లిన మర్నాడు వడ్రంగి పనిలోకి వెళ్లాడు. అక్క వెంట వెళ్లలేదు, ఆయన రమ్మననూ లేదు. మొదటి రోజు యజమాని ఆ స్విచ్చి పద్నాలుగు సార్లు నొక్కాడు. నొక్కిన ప్రతిసారీ వడ్రంగి రంపం ఆపి, తిరిగి చూసి, ఏమిటన్నట్టు చెయ్యి తిప్పాడు. యజమానికి చెప్పే పని ఉన్నది మూడుసార్లే.