చిన్నమ్మ గొంతు

నిన్న సాయంత్రం మా మనవరాలు తన ఇంగ్లీషు పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. షౌట్, యెల్, స్క్రీమ్, రోర్, బెల్లో అని వరసగా ఉన్నాయి. "తాతా, అన్నీ అరిచేదే కదా, ఇన్ని మాటలు ఎందుకుండాయి?" అంది. ముప్పై ఏళ్లు ఇంగ్లీషు మేష్టరుగా బతికినవాణ్ణి, నిద్రలో లేపి అడిగినా చెప్తాను. కోపమొస్తే యెల్, భయమేస్తే స్క్రీమ్, ఎద్దు రంకె వేసినట్టు అరిస్తే బెల్లో. ఆ చివరి మాట దగ్గర నాకు మా చిన్నమ్మ గుర్తొచ్చి ఆగిపోయాను. పిల్ల పుస్తకం తీసుకుని వాళ్లమ్మ దగ్గరికి పోయింది.

మా చిన్నాయన బళ్లారి జిల్లా యశ్వంతనగర్‌లో ఇనుప రాయి పగలగొట్టే క్రషర్ దగ్గర పనిచేసేవాడు. ఏళ్ల తరబడి ఆ మిషను పక్కనే నిలబడి రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. చిన్నమ్మ గొంతు చించుకుంటే మాత్రం వినబడేది. వేరేవాళ్లు ఎంత అరిచినా లాభం లేదు, ఆ గొంతే కావాలి. నాకు ఆ ఊరి బడిలో మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు వాళ్లింట్లోనే దిగాను. మొదటి రోజు పొద్దున్నే చిన్నమ్మ కేకలకు ఉలిక్కిపడి లేచి, మొగుడూ పెళ్లాలు కొట్టుకుంటున్నారనుకుని, లుంగీ సర్దుకుంటూ పోయి ఇద్దరి మధ్యా నిలబడ్డాను. చిన్నమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "ఏందప్పా? మీ చిన్నాయనకు చాయ్‌లో చక్కెర ఎయ్యాల్నా వద్దా అని సుమ్నే ఊరికే అడుగుతాండా."

ఆ ఇంట్లో గుట్టన్నది లేదు. "కూరలో ఉప్పు సరిపోయిందా" అని ఆమె అడిగితే, ఒక్కోసారి ఎదురింటావిడే "సరిపోయింటాది లే అక్కా" అని బదులిచ్చేది. చుట్టాల మీద చాడీలు చెప్పుకోవడానికి కూడా లేదు పాపం, ఆ సుఖమెరగకుండానే కాపురం చేశారు. ఒకసారి "నా అరుపును మీ ఇంగ్లీషులో ఏమంటారప్పా?" అని అడిగితే, బెల్లో అని చెప్పి, అర్థం కూడా చెప్పాను. పడీ పడీ నవ్వి, "ఇంటివా, నేను ఎద్దునంట!" అని ఆయన చెవిలో అరిచింది. ఆయన పెదవి దాటని గొంతుతో, "ఎద్దు కాదు లేమ్మే, ఆవు" అన్నాడు.

నేను బళ్లారికి బదిలీ అయిపోయిన చాలా ఏళ్లకు, ఊపిరితిత్తులు చెడి చిన్నాయనను నేనున్న ఊరని అక్కడి ఆసుపత్రిలోనే చేర్చాం. మూడో రోజుకు కళ్లు తెరవడం మానేశాడు. ఇక ఆశ లేదని డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. ఆ పొద్దునే సిరుగుప్ప నుంచి ఫోను వచ్చింది. వాళ్ల ఒక్కగానొక్క కూతురికి, పెళ్లయిన తొమ్మిదేళ్లకు, ఆడపిల్ల పుట్టింది. మంచమెక్కినా చిన్నాయన రోజూ అడిగింది ఆ కూతురి గురించే. "ఆయప్పకు నేనే చెప్పాల" అంటూ చిన్నమ్మ లోపలికి పరుగు తీసింది. లోపల ఐదు నిమిషాలే ఉండాలన్నారు. నేనూ వెంట పోయాను. ఆమె ఆయన చెవి దగ్గర వంగి, "ఇదో! ఇంటాండావా! మన పాపకు..." అని కేక పెట్టింది. ఆయన రెప్పలు కదిలాయి. నేను చూశాను. అంతలోనే పక్క మంచాల దగ్గరివాళ్లు తిరిగి చూశారు. "అమ్మా, సద్దు మాడబేడి" అంటూ నర్సు నోటి మీద వేలు పెట్టుకుని వచ్చింది. తలుపు దగ్గర డాక్టరు నిలబడి ఉన్నాడు. ఆయన కొడుకు నా దగ్గర చదువుకున్నాడు, నన్ను నోరారా మేష్ట్రు అని పిలిచే మనిషి. నాకు సిగ్గేసింది. ఆ సంగతి ఇప్పుడు దాచుకుని ఏం లాభం? చిన్నమ్మ భుజం పట్టుకుని, "మెల్లగా చిన్నమ్మా, ఇది ఇల్లు కాదు" అన్నాను.

చదువుకున్నవాడు చెప్పాడు కదా అని ఆమె వెంటనే తగ్గింది. ఆడపిల్ల అని, తల్లీ బిడ్డా బాగుండారని, ముక్కు నీదేనంట అని, మిగతాదంతా గుసగుసగా చెప్పింది. రెప్పలు మళ్లీ కదల్లేదు. ఇచ్చిన ఐదు నిమిషాలూ పూర్తికాకముందే బయటికొచ్చేశాం. మధ్యాహ్నానికి ఆయన పోయాడు.

దినాలు అయిన మరునాడు ఆమె వరండాలో బియ్యం ఏరుతూ, నా వైపు చూడకుండా అడిగింది. "అప్పా, ఇనింటాడంటావా?"

"విన్నాడు చిన్నమ్మా" అన్నాను.

ఆమె తలూపింది. నమ్మిందో, నా కోసం నమ్మినట్టు ఉందో తెలియదు. నన్ను ఒక్క మాట అనలేదు, అని ఉంటే బాగుండేది. ఆ తర్వాత బతికిన ఆరేళ్లలో ఆమె గొంతు పెంచగా నేను వినలేదు. చూడ్డానికి పోయినప్పుడల్లా ఆమె మాట అందుకోవడానికి నేనే ముందుకు వంగేవాణ్ణి. ఆమె కూడా పోయి చాలా కాలమైంది. కాలం గడిస్తే అన్నీ మరుగున పడతాయంటారు. నాకు మాత్రం ఆ ఐదు నిమిషాల్లో ఇంకా మూడు మిగిలే ఉన్నాయని, ఆమెను అరవనిచ్చి ఉండొచ్చని, ఏడాదికేడాది మరింత బాగా తెలిసొస్తోంది.