పెరుగు పాల కిందికి వస్తుందా

ప్రత్యేక తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదున్న రోజుల్లో, హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడలో కూర్చుని నేను పుస్తకాలు రాసేవాణ్ణి. పుస్తకాలంటే నవలలు అనుకునేరు. ఫలానా మీట నొక్కితే ఫలానా కిటికీ తెరుచుకుంటుందని చెప్పే పుస్తకాలు. వాటిని భూమండలంలో ఎవరూ చదవలేదు. రాసిన నేనే చదవలేదు, ఇక లోకాన్ని అనుకుని ఏం లాభం. అయినా పుస్తకాలు రాసేవాడు కాబట్టి సకల గ్రంథాలూ తెలిసినవాడని ఆఫీసులో నా మీద ఒక పుకారు ఉండేది. దాన్ని పుట్టించింది నేనే.

మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర మేం ముగ్గురం. నేను కడప వాణ్ణి. రెండో మనిషి బాపట్ల దగ్గర నుంచి వచ్చిన మా ప్రాజెక్టు మేనేజరు, క్రైస్తవురాలు, ఆఫీసు మొత్తానికీ అక్క. మామూలుగా "వచ్చాడండీ, తిన్నాడండీ" అని మాట్లాడే మనిషి, బైబిలు ప్రస్తావన రాగానే "వచ్చెను, భుజించెను" అంటూ ఒక్క గెంతులో నూరేళ్ళు వెనక్కి వెళ్ళిపోయేది. మూడోవాడు నార్సింగి తమ్ముడు. ఊరు ఊరుగా ఉన్నప్పటి నుంచీ అక్కడే ఉన్న ముస్లిం కుటుంబం వాళ్ళది. మా సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం అతని ఉద్యోగం, ఖాళీ దొరికితే నా తెలుగులో పట్టేవాడు. మెడలో జై తెలంగాణ కండువా లేకుండా స్నానానికి కూడా వెళ్ళడని మా నమ్మకం.

ఈ బల్ల దగ్గరికి నాలుగో కుర్చీ లాక్కుని వచ్చినవాడు విదేశం నుంచి పని మీద వచ్చిన యూదు పెద్దాయన. తెల్ల గడ్డం, నెత్తిన అరచేతిలో సగం ఉండే టోపీ. అంత ఏసీ గాలిలోనూ అది ఎలా నిలిచేదో మా ఇంజనీర్లెవరూ తేల్చలేకపోయారు. పెట్టె నిండా సీలు వేసిన ఆహారపు పొట్లాలు తెచ్చుకుని అవే తినేవాడు. మాట మాత్రం మెత్తన. ఒకరోజు కింద రోడ్డు మీద నినాదాలు వినిపించి, ఈ జనం ఏం అడుగుతున్నారని మమ్మల్ని అడిగాడు. తమ్ముడు ముందు ఇంగ్లీషులో ఆయనకు చెప్పి, మాకోసం తెలుగులోకి దిగాడు.

"మూసా అలైహిస్సలాం, గదే అక్కా మీ మోషే, ఫరోను ఏమడిగిండు? మా మందిని మాకిడువు అన్నడు. మేం గూడ గదే అంటున్నం."

"అంటే మేం ఫరోలమా తమ్ముడూ?" అంది అక్క, చెంచా గాలిలో ఆపి.

"మీరెందుకైతరక్కా. మీరు ఫరో ఇంట్ల కిరాయికున్నోళ్ళు."

"మరి మేమెవరమప్పా?" అన్నాను. రాయలసీమను లెక్కలో వేయకపోతే నాకు ఎక్కడలేని రోషం.

"మీరు ఎర్ర సముద్రమన్నా. సుక్క నీళ్ళు గూడ ఉండయ్, నడుసుకుంట దాటొచ్చు."

పెద్దాయనకు ఇదంతా ఇంగ్లీషులో అప్పజెప్పాం. నవ్వి, బయటపడడం పెద్ద కష్టం కాదనీ, ఆ తర్వాత ఎడారిలో నలభై ఏళ్ళు తిరగడమే కష్టమనీ అన్నాడు. "మాకు నలభై ఎప్పుడో దాటినయ్" అన్నాడు తమ్ముడు.

అక్కడి నుంచి రోజూ మా బల్ల మీద కూరలకన్నా గ్రంథాలే ఎక్కువ. యూదుల తోరా అయిదు భాగాలట. ఇప్పటికీ తోలు చుట్ట మీద చేత్తోనే రాస్తారట, ఒక్క అక్షరం పోయినా ఆ చుట్ట చదవడానికి పనికిరాదట. నా పుస్తకాల్లో పేజీలకు పేజీలు పోయినా ఎవరూ గమనించరని తలుచుకుని నేను లోలోపల కుమిలిపోయాను. "ఆ అయిదూ మా బైబిల్లోనూ మొదటి అయిదు కాండములండీ" అంది అక్క. కాండమనగానే నా చెవులు నిక్కాయి. నాకు తెలిసిన కాండల్లో సముద్రం దాటాలంటే కోతులు కష్టపడి వంతెన కడతాయి. వీళ్ళ కాండల్లో సముద్రమే మర్యాదగా తప్పుకుంటుంది. ఇంజనీర్ల అవసరం లేని మతం హైటెక్ సిటీలో ఎలా నెగ్గుతుందని అడిగాను.

తమ్ముడి లెక్క ఇంకోలా ఉండేది. మూసాకు తౌరాత్, దావూద్‌కు జబూర్, ఈసాకు, అంటే యేసుకు, ఇంజీల్, అన్నీ దేవుడు పంపినవే, ఆఖరుగా ఖురాన్. "మా ఖురాన్ల అందరికంటె ఎక్కువ సార్లు వచ్చే పేరు మూసాదే. మా ఊరి పక్క పారే నది గూడ మూసీనే. దాంట్ల కలిసేది ఈసీ. మూసా, ఈసా మా దగ్గర కలిసే పారుతరు."

పెద్దాయన ముచ్చటపడి ఆ నదిని చూస్తానన్నాడు. ఇప్పుడున్న స్థితిలో దాన్ని చూపిస్తే మోషేకు తలవంపులని చెప్పి నేనే ఆపాను. అంతటితో ఊరుకోక, ఈ మూడు గ్రంథాలూ మన సాఫ్ట్‌వేర్‌లాగా ఒకదాని తర్వాత ఒకటి విడుదలైన వెర్షన్లు కదా అని ఒక పాండిత్యం ఒలకబోశాను. ముగ్గురూ ఒకేసారి తినడం మానేసి నా వైపు చూశారు. వేల ఏళ్ళుగా కుదరని ఏకాభిప్రాయం ఆ క్షణాన కుదిరింది. నేను పెరుగన్నంలోకి తల దించుకున్నాను.

దసరా ముందర ఒకరోజు బంద్ అన్నారు. అది సాగి సాగి వారం మీద పడింది. కొత్తగూడలో పెద్దాయన దిగిన గెస్ట్‌హౌస్‌లో వంటవాడు ఊరికి వెళ్ళిపోయాడు, దుకాణాలు దించిన షట్టర్లు ఎత్తలేదు. పెట్టెలో పొట్లాలు నిండుకున్నాయి. అరటిపళ్ళతో నెట్టుకొచ్చాడు, తర్వాత అవీ దొరకలేదు. ఈ సంగతి తమ్ముడు వాళ్ళమ్మకు ఫోనులో చెబుతుంటే నేను పక్కనే ఉన్నాను. ఆమె గొంతుకు స్పీకరు అక్కర్లేదు.

"బంద్ జేసుడు మనం, ఉపాసముండుడు ఆయనా? మన ఊర్ల మెహమాన్ ఆకలితోటి పండుకున్నడంటె అల్లా నన్నడుగుతడు, నిన్నడగడు. జల్ది తోల్కరా."

ఇక ఆమెకు వేరే ధ్యాస లేదు. పెద్దాయనను అడిగితే, కాస్త మొహమాటపడి, మాంసమూ పాలూ ఒకచోట కలవకూడదని ఒక్క ముక్క చెప్పాడు. మేకపిల్లను దాని తల్లిపాలలో వండకూడదని తోరాలో ఉంది. ఆ ఒక్క మాట చుట్టూ వాళ్ళ పెద్దలు తరతరాలుగా కంచె మీద కంచె వేసుకుంటూ వచ్చారు. "ఆ మాట మా నిర్గమకాండములోనూ ఉందండీ. కానీ మాకు ఆ కట్టుబాట్లన్నీ తీసేశారు. లేకపోతే బాపట్లలో పుట్టి రొయ్యలు మానేసి ఎలా బతుకుతామండీ" అంది అక్క. "మాకు హలాల్ అయితె సాలు, పాలతోటి లొల్లి లేదు" అన్నాడు తమ్ముడు.

గ్రంథాలు తెలిసినవాణ్ణి కాబట్టి వంట తనిఖీ నాకు అప్పగించారు. ఫోను తీసుకుని ఒక న్యాయమూర్తిలా గొంతు సవరించుకున్నాను.

"అమ్మా, బిర్యానీలో పాలు పోయొద్దు."

"పొయ్య బిడ్డా."

"నెయ్యి?"

"నూనెతోటే జేస్త."

"మీగడ?"

"మీగడ దేనికి, పెండ్లి గాదు గద."

ముద్ర వేసేశాను. మూడు మతాల ధర్మశాస్త్రాన్నీ వడబోసి కడప వాడొకడు తీర్పు ఇచ్చాడని చరిత్ర రాసుకోవాల్సిందే.

దారిలో తమ్ముడి బండి వెనక పెద్దాయన, అక్క స్కూటీ వెనక నేను. ఒక మలుపులో పొగలు కక్కే టైర్లు అడ్డం పెట్టి కుర్రవాళ్ళు ఆపారు. కండువా చూసి తమ్ముణ్ణి పొమ్మన్నారు గానీ, వెనకున్న ఆకారం వాళ్ళకు అంతుబట్టలేదు.

"పెద్దమనిషిది ఏ దిక్కన్నా?"

"మూసా దిక్కు."

"మూసీ దిక్కా? అయితె మనోడే. జై తెలంగాణ అనుమను."

పెద్దాయన గొంతు లోతుల్లోంచి ప్రార్థన చదివినట్టు అన్నాడు. వాళ్ళు పక్కకు తప్పుకున్నారు. నేను కడప నోరు విప్పకుండా ఆకాశం చూస్తూ గట్టెక్కాను.

ఆ ఇంట్లో దేగిసా మూత తీసినప్పుడు లేచిన వాసన గోపన్‌పల్లి దాకా పోయి, అక్కడి యూనివర్సిటీలో నాలుగైదు పరిశోధనలు ఆపించి ఉంటుంది. మమ్మల్ని కూర్చోబెట్టి వడ్డించి ఆ తల్లి మాత్రం నిలబడే ఉంది. మెహమాన్ మొదటి ముద్ద పెట్టుకునే దాకా తను కూర్చోదట.

పెద్దాయన కంచం వైపు చూసి, ఇంత మెత్తగా ఎలా వండారని మెచ్చుకోలుగా అడిగాడు. నేను తెలుగు చేశాను. ఆమె ముఖం వెలిగిపోయింది.

"పొద్దుగాల్నుంచి పెరుగుల నానవెట్టిన బిడ్డా. గట్టి పెరుగు."

పాలని అడిగాను, నెయ్యని అడిగాను, మీగడని అడిగాను. పెరుగు నా ఊహకే రాలేదు, ఆమె ఊహకూ రాలేదు. మన లోకంలో పాలు పాలే, పెరుగు పెరుగే. తోడు పడ్డ రాత్రే పాలకు ఇంటిపేరు మారిపోతుంది. మా కడపలో పాలు పడవన్న మనిషికి పెరుగన్నం కలిపి పెడతాం, ఆయనా మారుమాట లేకుండా తింటాడు. ఒక్క మాటను తప్పుగా అనువదిద్దామా అని నాలుక దాకా వచ్చింది. కానీ తోలు చుట్ట మీద ఒక్క అక్షరం పోతే ఒప్పుకోని మనిషి ఎదురుగా కూర్చున్నాడు. ఉన్నదున్నట్టు చెప్పాను.

కంచం వైపు కదిలిన చేయి నెమ్మదిగా వెనక్కి వెళ్ళింది. మాంసం ఎలాగూ తమ కసాయి కోసిందే తినాలనీ, పక్కనున్న పచ్చి ఉల్లి ముక్కలైనా తిందామనుకున్నాననీ, ముందే చెప్పలేక సిగ్గుపడ్డాననీ అన్నాడు.

ఆమెకు ఆ ఇంగ్లీషు తెలియదు. ఆగిన చేయి తెలుసు. ముఖం పాలిపోయింది. "ముడుతలేడేందిరా?" అంది కొడుకుతో.

తమ్ముడు మా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఇబ్రాహీం అలైహిస్సలాం ఇంటికి మెహమాన్లొస్తె, దూడను కాల్చి ముందల వెట్టిండు. వాళ్ళ చెయ్యి దాని మీదికి పోలే. ఆయనకు భయమైంది, ఏం కీడు దెచ్చిండ్రో అని. తర్వాత ఎర్కైంది, వాళ్ళు ఫరిష్తాలని. అమ్మకు గా కిస్సా చిన్నప్పటిసంది తెలుసు. గందుకే పరేషాన్ అయితున్నది."

"అయ్యో, మా దాంట్లో తిన్నారమ్మా" అంది అక్క, వెంటనే నూరేళ్ళు వెనక్కి గెంతి. "ముగ్గురు వచ్చిరి. అబ్రాహాము వెన్నయు పాలును దూడ మాంసమును పెట్టెను. వారు భుజించిరి."

"మా దాంట్ల ముగ్గురని లెక్క లేదు, తినుడూ లేదు" అన్నాడు తమ్ముడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. వెన్న, పాలు, మాంసం ఒకే విస్తట్లోనా? సాక్షాత్తూ మూలపురుషుడే కలిపి వడ్డించాక మా బిర్యానీ చేసుకున్న పాపమేమిటని పెద్దాయన మీదికి వకీలులా దూకాను. ఆయన చిన్నగా నవ్వాడు. ఆ ప్రశ్నను వాళ్ళ పెద్దలు ఎప్పుడో నమిలి పిప్పి చేశారట. ధర్మశాస్త్రం మోషే కాలంలో వచ్చింది, అబ్రాహాము అంతకు ముందువాడు అన్నారట కొందరు. ముందు పాలు ఇచ్చి, తర్వాతే మాంసం పెట్టాడన్నారట ఇంకొందరు. పైగా దేవదూతలు తింటారా, తిన్నట్టు కనిపించారంతే అన్నవాళ్ళూ ఉన్నారట.

ఒకే భోజనం. అక్క పుస్తకంలో తిన్నారు. తమ్ముడి పుస్తకంలో తినలేదు. పెద్దాయన పుస్తకంలో తిన్నారనే ఉంది, వాళ్ళ పెద్దలు మాత్రం మధ్యలో ఒక కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఇదంతా ఆమెకు తెలుగులో చెప్పాను.

"ముసలితనంల కొడుకు పుడ్తడన్న కాడ గాయన పెండ్లాం నవ్విందా మీ దాంట్ల?" అని అడిగింది.

నవ్విందని అక్క అంది. నవ్విందని పెద్దాయన అన్నాడు. తమ్ముడు తలూపాడు. ఆ ఒక్క విషయంలో పేచీ లేదు.

"మంచిది. మరి గీయన ఫరిష్తానా, మనిషా? జర అడుగు."

అడిగాను. పెద్దాయన రెండు చేతులూ గుండె మీద పెట్టుకుని, దేవదూతను కాదనీ, మామూలు మనిషిననీ, కడుపు మాడిపోతోందనీ చెప్పాడు.

అది తెలుగులోకి రాగానే ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అంతే, భయం పోయి పని మొదలైంది. మాంసం తగిలిన గిన్నె పనికిరాదని తెలిసి, అటక మీద నుంచి లేబులు కూడా పీకని కొత్త గిన్నె దింపింది. లేబులు ఆయన కళ్ళకు దగ్గరగా పెట్టి మరీ చూపించింది. అందులో మక్క కంకులు ఉడకబెట్టింది. పెరట్లో గడ్డిలో మాగేసిన సీతాఫలాల గంప మొత్తం తెచ్చి ముందు పెట్టింది. సీతాఫలం ఆయన ఎన్నడూ చూడలేదట. చేత్తో విచ్చి, ఒక్క తొన నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని వాళ్ళ భాషలో ఏదో గొణిగాడు. అది దేవుడికో, చెట్టుకో నేను అడగలేదు. తర్వాత ఒకదాని వెంట ఒకటి విచ్చుకుంటూ పోయాడు. పక్కన గింజల గుట్ట పెరుగుతూ పోయింది, అదింకా పెరిగితే గోల్కొండకు పోటీ వచ్చేది.

మేం బిర్యానీ ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాం. నేనైతే ఆ పెరుగుకు మనసులోనే క్షమాపణలు చెప్పుకున్నాను.

"కడుపు నిండిందా, అడుగు" అంది ఆమె.

ఆయన మూతి తుడుచుకుని, పొట్ట మీద చేయి వేసి, తల ఊపాడు. అనువాదం అక్కర్లేదు.

అప్పుడు ఆమె పీట లాక్కుని మా మధ్య కూర్చుంది. తన కంచం దగ్గరికి జరుపుకుని కొడుకు చేతిలోని గరిటె వైపు చూపించింది.

"ఇగ నాకు గూడ పెట్టు. పొద్దుగాల్నుంచి నేను గూడ ఏం ముట్టలే."